ఏటేటా అందాల్సిన డబ్బు

అఫ్జల్‌గంజ్ నుంచి నయాపూల్ దాటి, సాలార్‌జంగ్ మ్యూజియం మీదుగా వెళ్తే దారుషిఫా వస్తుంది. కుతుబ్‌షాహీల కాలంలో అక్కడ ఆస్పత్రి ఉండేది. ఇప్పుడు అదే పేటలో చూపులేని పిల్లలకు ప్రభుత్వ పాఠశాల ఉంది.

అక్కడి పిల్లలు రాయాలంటే బ్రెయిలీ పలకలో మందపాటి కాగితం బిగించి, మొనదేలిన స్టైలస్‌తో ఒక్కో చుక్కా గుచ్చుతూ కుడి నుంచి ఎడమకు రాయాలి. కాగితం తిప్పితే చుక్కలు పైకి తేలతాయి. అప్పుడు వాటిని ఎడమ నుంచి కుడికి వేలితో తడుముతూ చదవాలి. మొదట్లో టీచరు పిల్లవాడి వేలు పట్టుకుని దిద్దించాల్సిందే. నలభై మంది ఉన్న తరగతిలో అది జరిగే పని కాదు. ప్రత్యేక విద్యలో అసలు ఖర్చంతా ఇక్కడే, టీచరు దగ్గరే ఉంది. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన తీర్పు ప్రకారం ప్రాథమిక స్థాయిలో పది మందికి, ఆపైన పదిహేను మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలి.

జీతం ప్రతి నెలా ఇవ్వాలి కాబట్టి నిధీ నిలకడగా రావాలి. దీనికో పాత ఉదాహరణ ఉంది. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో 1817లో బధిరుల బడి తెరిచారు. అంతకు ముందు ఏడాదే కనెక్టికట్ శాసనసభ దానికి 5,000 డాలర్లు మంజూరు చేసింది. 1819లో అమెరికా కాంగ్రెస్ అలబామాలో 23,000 ఎకరాలకు పైగా భూమి ఇచ్చింది. దాన్ని అమ్మగా వచ్చిన సొమ్ము బడికి మూలనిధి అయింది.

మన దగ్గరా ప్రభుత్వ సాయం లేకపోలేదు. బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం కేంద్రం 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోనే ఉంది. ప్రత్యేక ఉపాధ్యాయులకు అక్కడ శిక్షణ ఇస్తారు. స్వచ్ఛంద సంస్థలు నడిపే బడులకు దీన్‌దయాళ్ పునరావాస పథకం కింద ఖర్చులో 90 శాతం వరకూ గ్రాంటు వస్తుంది. మిగతాది దాతలను అడిగి తెచ్చుకోవాలి.

మామూలు బడుల్లో చదివే దివ్యాంగ పిల్లల సంగతి చూడండి. ఉపకరణాలు, రవాణా వంటి వాటికి సమగ్ర శిక్ష పథకం ఇచ్చేది ఒక్కొక్కరికి ఏడాదికి రూ.3,500 వరకే. టీచర్ల జీతాలు వేరే పద్దు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను నెలకే రూ.4,016. ఆ పింఛను ఎక్కువేమీ కాదు, చదువుకు ఇచ్చేదే మరీ తక్కువ.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. పాతబస్తీలో అలాంటి బిడ్డ ఉన్న ఇంటివారు ముందు యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు చేయించండి. తర్వాత మండల విద్యాధికారి కార్యాలయంలోనో, దివ్యాంగ పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రంలోనో బిడ్డ పేరు నమోదు చేయించి, రావాల్సినవి గట్టిగా అడగండి.