మాయమైపోని మాయా

'మాయా' అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది 2012. ఆ డిసెంబరు 21న యుగాంతమని టీవీల్లో ఒకటే చర్చలు. అప్పుడు స్కూల్లో ఉన్న మా బ్యాచ్‌కి పరీక్షలకు చదవాలా వద్దా అన్నదే పెద్ద సందేహం.

అసలు సంగతి ఇంజినీరింగ్ విద్యార్థికి ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. మాయా ప్రజల లెక్క 20 ఆధారంగా నడుస్తుంది. చుక్క అంటే ఒకటి, గీత అంటే ఐదు, గవ్వలాంటి గుర్తు సున్నా. రోజుల లెక్కలో మాత్రం ఒక స్థానం 18కే తిరిగిపోతుంది. 20 రోజుల గుంపులు 18 అయితే 360 రోజులు. అలాంటివి 20 అయితే 7,200. ఇంకో 20 రెట్లు చేస్తే 1,44,000. ఆ పెద్ద స్థానంలో అంకె 13కి చేరిన రోజే 2012 డిసెంబరు 21. మర్నాడు చివరి స్థానంలో ఒకటి పడింది. బండి మీటరు తిరిగినట్టే, అంతే.

దానికంటే పెద్ద అపోహ ఇంకోటుంది. మాయా వాళ్లు ఎప్పుడో అంతరించిపోయారని. గ్వాటెమాలా 2018 జనాభా లెక్కల్లో 62 లక్షల మంది తాము మాయా అని రాయించుకున్నారు. దేశంలో దాదాపు 42 శాతం! అక్కడ అధికారికంగా గుర్తించిన మాయా భాషలే 22.

రెండు ఉద్యోగాల మధ్య దొరికిన ఐదు వారాల్లో నేను వెళ్లింది కెట్సాల్టెనాంగోకి. స్థానికులు ముద్దుగా 'షెలా' అంటారు. సముద్రమట్టానికి 2,300 మీటర్ల ఎత్తులో ఉంటుంది, పొద్దున్నే చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. అక్కడ స్పానిష్ బడులు చాలా ఉన్నాయి. ఒక విద్యార్థికి ఒక టీచర్. బస ఏదో ఒక ఇంట్లో. నేను దిగింది కీచే మాయా కుటుంబంలో. ఇంటావిడని పేరు ముందు 'దోన్యా' చేర్చి పిలవాలి. మన 'గారు' లాంటిదే, కాకపోతే ముందొస్తుంది.

ఆ ఇంట్లో నాకు బాగా నచ్చిన చోటు వంటగది. రాత్రి మొక్కజొన్న గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి వదిలేస్తారు. పొద్దున కడిగితే పైపొట్టు ఊడొస్తుంది. మరకు పట్టుకెళ్లి పిండి చేయించుకొస్తారు. ఇక రెండు అరచేతుల మధ్య టప టపమంటూ రొట్టె తడుతుంటే, కళ్లు మూసుకున్నవాడికి జొన్నరొట్టెల చప్పుడే. ఆ సున్నం ఊరికే వేయరండోయ్. మొక్కజొన్నలో బంధించి ఉన్న నియాసిన్ విటమిన్ దానివల్లే ఒంటికి అందుతుంది. ఈ కిటుకు నేర్చుకోకుండా గింజను మాత్రమే పట్టుకెళ్లిన యూరప్‌లో మొక్కజొన్నే ప్రధాన ఆహారమైన పేదలకు పెల్లాగ్రా జబ్బు పట్టుకుంది. కీచే వాళ్ల పురాణ గ్రంథం 'పొపోల్ వూహ్' ప్రకారం దేవతలు మనిషిని చేసింది మొక్కజొన్న పిండితోనే. మట్టితో, కొయ్యతో చేసి చూశారు, కుదర్లేదు. రోజూ మూడు పూటలా ఆ రొట్టెలు తిన్నాక నాకూ నమ్మబుద్ధేసింది.

ఆ ఇంటి అమ్మాయి కంప్యూటర్ కోర్సు చదువుతోంది. అమ్మమ్మతో గలగలా కీచేలో మాట్లాడుతుంది, మెసేజ్ పెట్టాలంటే మాత్రం స్పానిష్, లేదంటే వాయిస్ నోట్. ఎందుకని అడిగితే, బళ్లో రాయడం నేర్పలేదంది. 'మరి మీరు మీ భాషలోనే టైప్ చేస్తారా?' అని ఎదురడిగింది. నా ఫ్యామిలీ గ్రూప్ తెరిచి చూపించా. తెలుగు మాటలన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో! ఇద్దరం నవ్వుకున్నాం.

వాళ్ల కథ మాత్రం నవ్వుకునేది కాదు. 1960 నుంచి 1996 దాకా గ్వాటెమాలాలో అంతర్యుద్ధం. చనిపోయినవాళ్లు, ఆచూకీ లేకుండాపోయినవాళ్లు కలిపి 2 లక్షలకు పైనే అని సత్యశోధన కమిషన్ 1999లో అంచనా కట్టింది. గుర్తించిన బాధితుల్లో 83 శాతం మాయా ప్రజలే. నేత రవికె చూసి ఫలానా ఊరివాళ్లని చెప్పగలిగే చోట, ఆ గుర్తింపే ప్రాణం మీదికొచ్చింది. భాష దాచుకున్నవాళ్లున్నారు, పిల్లలకు నేర్పడం మానేసినవాళ్లున్నారు. 1992లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న రిగొబెర్తా మెంచూ ఈ కీచే సమాజం నుంచి వచ్చినావిడే. మాయా భాషలకు చట్టబద్ధమైన గుర్తింపు 2003లో గానీ రాలేదు.

ఇప్పుడు గాలి కొంచెం మారింది. కక్చికెల్ అనే మాయా భాషలో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ఉంది. మాయా అంకెలు 2018లో యూనికోడ్‌లో చేరాయి. గూగుల్ ట్రాన్స్‌లేట్ 2024లో కలిపిన 110 భాషల్లో మామ్, కెక్చీ, యుకాటెక్ మాయా ఉన్నాయి. మరో విషయం, అమెరికా ఇమ్మిగ్రేషన్ కోర్టుల్లో మామ్, కీచే తెలిసిన దుబాసీలకు మంచి గిరాకీ. అమ్మమ్మ దగ్గర ఊరికే వచ్చిన భాష అక్కడ జీతమిచ్చే నైపుణ్యం.

మరి మన సంగతి? స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. హైదరాబాద్‌లో ఇఫ్లూ నేర్పుతుంది. ఢిల్లీలోని సెర్వాంతెస్ కేంద్రం వాళ్ల డెలే పరీక్షలో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు స్థాయిలుంటాయి. రెజ్యూమెలో ఏ1 రాసుకుంటే అలంకారమే తప్ప ఆఫర్ రాదని నా అభిప్రాయం. క్లయింట్‌తో తడబడకుండా మాట్లాడాలంటే బీ2 దాకా వెళ్లాలి. దానికి ఏడాదికి తక్కువ పట్టదు, డిగ్రీ ఫైనలియర్ దాకా ఆగొద్దు. యాప్‌లున్నాయిగా అంటారేమో. హోటల్ బుకింగ్‌కి సరిపోతాయి. సంతలో కీచే మాత్రమే తెలిసిన ముసలావిడతో దుప్పటి బేరమాడేటప్పుడు నన్ను గట్టెక్కించింది ఫోన్ కాదు, ఆవిడ మనవడు.

ఎప్పుడైనా అటు వెళ్తే సంత రోజు చూసుకుని వెళ్లండి. చిచికాస్తెనాంగోలో గురు, ఆదివారాలు. షెలా దగ్గరి శాన్ ఫ్రాన్సిస్కో ఎల్ ఆల్టోలో శుక్రవారం. అమెరికాలో స్కూలు పిల్లల్ని మోసి రిటైరైన బస్సులు రంగులేసుకుని తిరుగుతుంటాయి. క్లీనర్ తలుపు పట్టుకుని 'షెలా షెలా షెలా' అని అరుస్తుంటాడు, ఎక్కేయడమే. ఫొటో తీసేముందు మాత్రం అడగండి. వద్దంటే ఊరుకోండి, సరేనంటే 'మాల్త్యోష్' అనండి. కీచేలో థాంక్స్.