డ్రాయింగ్ టీచర్ మళ్లీ బడికెళ్లారు!

పది నెలలు పిల్లల చేత బొమ్మలు వేయించే టీచర్‌కి, తన బొమ్మ తాను వేసుకునే తీరిక దొరికేది వేసవిలోనే. ఆ 49 రోజుల్లో ఆమె పాత స్నేహితుల్ని కలుస్తారు. మర్చిపోయిన సరదాలన్నీ బయటికి తీస్తారు. ఈసారి మాత్రం ఏకంగా విద్యార్థి అయిపోయారు!

ఏప్రిల్ 23. ఆఖరి గంట కొట్టేశారు. విజయవాడలోని ఓ ప్రైవేటు ఎలిమెంటరీ స్కూలు. పిల్లలు ‘హో...’ అంటూ గేటు దాటేశారు. స్టాఫ్ రూమ్ కూడా ఖాళీ. డ్రాయింగ్ టీచర్ ఒక్కరే బీరువా ముందు నేల మీద చతికిలబడి విరిగిన క్రేయాన్ ముక్కలు ఏరుతున్నారు. ఎరుపువన్నీ ఒక డబ్బాలో, నీలం ఇంకో డబ్బాలో. రంగుపెట్టె కొనుక్కోలేని పిల్లలకి జూన్‌లో అవే దిక్కు.

ఆమె పేరేమిటో బళ్లో చాలామందికి తెలియదు. పిల్లలకీ, వాళ్ల అమ్మానాన్నలకీ, గేటు దగ్గర వాచ్‌మన్‌కీ ఆమె ‘డ్రాయింగ్ టీచర్’. ఇక్కడా ఆ పేరు చాలు. ఎందుకంటే ఇలాంటి టీచర్లు ఊరూరా ఉన్నారు.

ఒకటి నుంచి అయిదు దాకా పన్నెండు సెక్షన్లు. ఒక్కో సెక్షన్‌కి వారానికి రెండు పీరియడ్లు. అవి కాక వినాయక చవితికి మట్టి బొమ్మలు, ఆగస్టు పదిహేనుకి బోర్డు మీద జెండా, సంక్రాంతికి ముగ్గుల పోటీ, వార్షికోత్సవానికి స్టేజీ వెనక తెర... అన్నీ ఆమె నెత్తినే. ఇన్ని రంగుల మధ్య తిరిగే మనిషి సొంత స్కెచ్‌బుక్కులో ఆఖరి బొమ్మ కింద తేదీ చూస్తే, కిందటేడు జూన్!

ఆ రోజు సాయంత్రం హెడ్‌మాస్టారు పిలిచి చల్లగా చెప్పారు. ‘‘వచ్చే ఏడాది మూడో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పెడుతున్నాం టీచర్. పేరెంట్సు అడుగుతున్నారు. డ్రాయింగ్ రెండు పీరియడ్లలో ఒకటి తగ్గుతుంది. మీరేమీ అనుకోవద్దు.’’ మే నెల జీతం ఎలాగూ లేదు. ఇంటికెళ్లి ఈ సంగతి చెబితే భర్త నిట్టూర్చారు. ‘‘ఇంత కష్టపడి నువ్వు మాత్రం ఏం సాధిస్తున్నావు? మానేస్తే పోలా!’’

ఆమె అవుననలేదు, కాదనలేదు. ఫోన్ తీసి గుడివాడకి ఒకటి, తెనాలికి ఒకటి కాల్ చేశారు.

నలభై రెండు రోజుల స్నేహం

ఆ రెండు ఊళ్లలోనూ ఇద్దరు స్నేహితులున్నారు. డ్రాయింగ్ టీచర్ కావాలంటే ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే లోయర్ గ్రేడు, హయ్యర్ గ్రేడు డ్రాయింగ్ పరీక్షలు పాసవ్వాలి. ఆ పైన వేసవిలో 42 రోజుల టీటీసీ... అంటే టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్ శిక్షణ. మండే మే నెలలో, రేకుల గదుల్లో, బ్లాక్‌బోర్డు మీద పాఠం చెప్పడం ఎలాగో నేర్చుకుంటూ ముగ్గురూ స్నేహితులయ్యారు. గుడివాడ ఆమె పెద్దది కాబట్టి అక్క. ఇప్పుడు ప్రభుత్వ హైస్కూల్లో పనిచేస్తున్నారు. తెనాలి అతను చిన్నవాడు కాబట్టి తమ్ముడు. ఓ బళ్లో పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్. ఒకప్పుడు చేత్తో సైన్‌బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక కుంచె మూలపడింది.

ఏడాదంతా ఫోన్లే. మేలో మాత్రం ఎవరో ఒకరింట్లో ముగ్గురూ చేరాల్సిందే.

ఈసారి విజయవాడ వంతు. తెల్లవారకముందే ముగ్గురూ స్కెచ్‌బుక్కులతో కృష్ణ ఒడ్డుకి చేరేవారు. ప్రకాశం బ్యారేజీ తలుపులు, పడవలు, స్నానాలు చేసేవాళ్లు, టీ బండి... ఏది కనబడితే అది. ఎనిమిదయ్యేసరికి ఎండ చుర్రుమంటుంది. అప్పుడు ఇంటికి. మధ్యాహ్నం ఆవకాయ పని. అక్క ముక్కలు తుడుస్తుంటే, తమ్ముడు కారం, ఆవపిండి, ఉప్పు కలిపిన పళ్లెం వైపు చూసి ‘‘ఈ ఎరుపు ఏ ట్యూబులోనైనా దొరుకుతుందా అక్కా?’’ అనేవాడు. జాడీ నిండేలోగా ఆ పళ్లేనికీ ఓ బొమ్మ పడేది.

సాయంత్రాలు డాబా మీద రంగుల ప్రయోగాలు. బచ్చలి పళ్లు నలిపితే ఊదా. మోదుగ పూలు మరిగిస్తే నారింజ. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేస్తే పారాణి ఎరుపు. ఆ ఎరుపు మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు! పసుపులోని కుర్కుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే వెనక్కి వస్తుంది. ఇంట్లో ప్రతి పేరంటానికీ చూసేదే. కానీ కుంచెతో కాగితం మీద చూస్తే ముగ్గురూ చిన్నపిల్లలైపోయారు.

కాళహస్తిలో వెనక బెంచీ

‘‘రంగులు సరే, గీత సంగతేంటి?’’ అని ఓ రాత్రి అక్క అడిగారు. అలా మే మూడో వారంలో ముగ్గురూ తిరుపతి వైపు వెళ్లే రైలెక్కి శ్రీకాళహస్తిలో దిగారు. పెన్ కలంకారీ నేర్పే ఓ కళాకారుడి ఇంట్లో వారం రోజుల పాఠాలకి మాట్లాడుకున్నారు.

తెలుగునాట కలంకారీ అంటే రెండు ఊళ్లు. మచిలీపట్నం పక్కన పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. కాళహస్తిలో కలంతో గీస్తారు. ఒకప్పుడు దాదాపు కనుమరుగైన ఈ చేతి గీతకి ప్రాణం పోసింది కూడా ఒక బడే. 1950ల్లో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో కాళహస్తిలో శిక్షణ కేంద్రం మొదలైంది. అక్కడ నేర్చుకున్నవాళ్లు ఇంకొకరికి నేర్పారు. అలా నిలబడింది.

ఇక్కడ గుడ్డ తయారవడమే ఒక పాఠం. ముతక నూలు గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి పిండి ఆరబెడతారు. సిరా పాకిపోకుండా పాలు ఆపుతాయి. చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గీసుకుంటారు. కలం అంటే మొన చెక్కిన వెదురు పుల్ల. దానికి ఉన్నో గుడ్డో చుట్టి దారం కడతారు. ఆ చుట్టే సిరాని దాచుకుంటుంది. వేలితో నొక్కితే కొద్దికొద్దిగా మొనకి దిగుతుంది. నలుపు రంగు కోసం బెల్లం నీళ్లలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు వేసి రోజుల తరబడి పులియబెడతారు. గీసినప్పుడు వెలిసినట్టుండే ఆ సిరా, గుడ్డలోని కరక్కాయ తగలగానే నల్లబడిపోతుంది. రబ్బరుతో చెరిపేద్దామంటే కుదరదు. పడిన గీత పడినట్టే!

మొదటి రోజు అక్క గీత నిలబడింది. సైన్‌బోర్డుల చెయ్యి కాబట్టి తమ్ముడిదీ ఫర్వాలేదు. డ్రాయింగ్ టీచర్ మాత్రం ఏనుగు తొండం దగ్గర తడబడ్డారు. కలం ఎక్కువ నొక్కేసరికి పెద్ద మరక. రెండో గుడ్డ మీదా అదే. పదిహేనేళ్లుగా పిల్లలకి ఏనుగు బొమ్మ నేర్పుతున్న మనిషికి అక్కడికక్కడే కళ్లు చెమర్చాయి. ‘‘నాకు రాదండీ’’ అంటూ కలం కింద పెట్టేశారు.

నేర్పుతున్న పెద్దాయన కలం అందుకోలేదు. ఆమె గీత మీద తన గీత గీయలేదు. మరకని వేలితో తడిమి చూశారు. ‘‘గుడ్డ ఇంకా తడిగా ఉందమ్మా. చెయ్యి బాగానే ఉంది. ఇంకో ముక్క ఆరనివ్వు’’ అని లేచి వెళ్లిపోయారు. అంతే!

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. అక్క అడిగితే చివరికి బయటపడ్డారు. ‘‘డిసెంబర్లో నాలుగో తరగతి బాబు ఒకడు ఏనుగు బొమ్మ వేశాడక్కా. ఎగ్జిబిషన్ కదా, బాగుండాలని నేనే చెరిపేసి, తొండం దిద్దేసి, గోడకి పెట్టాను. వాళ్లమ్మ చూసి మురిసిపోయింది. వాడు మాత్రం ఆ తర్వాత పెన్సిల్ పట్టలేదు. ఏ పీరియడ్‌లో అడిగినా ఒకటే మాట... నాకు రాదు టీచర్, మీరే వేసివ్వండి. బద్ధకం అనుకున్నాను.’’

తొమ్మిదేళ్ల గడప

ఆ బాబు వయసు తొమ్మిది. సరిగ్గా ఆ వయసులోనే చాలామంది పిల్లలు బొమ్మలకి దూరమవుతారు. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన కళావిద్యావేత్త విక్టర్ లోవెన్‌ఫెల్డ్, 1947లో వచ్చిన ‘క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్’ పుస్తకంలో పిల్లల బొమ్మల ఎదుగుదలని దశలుగా చూపించారు. రెండేళ్ల నుంచి నాలుగేళ్ల దాకా పిచ్చిగీతలు. ఆ తర్వాత గుండ్రటి తలకి నేరుగా కాళ్లు అతికించిన మనుషులు. ఏడెనిమిదేళ్లకి కింద నేల గీత, పైన ఆకాశం. తొమ్మిది దాటాక పిల్లలు తమ బొమ్మని పక్కవాడి బొమ్మతో, అసలు వస్తువుతో పోల్చుకోవడం మొదలుపెడతారు. అప్పుడు ‘బాగాలేదు’ అన్న మాట గట్టిగా తగులుతుంది. పెద్దలు గీసిచ్చిన బొమ్మల్ని పిల్లల చేత నకలు చేయించడాన్ని లోవెన్‌ఫెల్డ్ ఒప్పుకోలేదు.

అంటే ఎలిమెంటరీ డ్రాయింగ్ టీచర్ నిలబడి ఉండేది ఆ గడప మీదే. కానీ ఆ గడప దగ్గర మనిషిని పెట్టాలని చట్టం కూడా చెప్పలేదు. విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలులో ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటే కళావిద్యకి పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని ఉంది. ఒకటి నుంచి అయిదు తరగతులకి ఆ ఊసే లేదు. పదో తరగతి దాకా కళల్ని తప్పనిసరి చేయాలని 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం సిఫార్సు చేసినా, టైమ్‌టేబుల్లో ముందుగా కోత పడేది డ్రాయింగ్ పీరియడ్‌కే. లెక్కల సిలబస్ మిగిలిపోయిందంటే మాస్టారు వచ్చి వాలేది ఆ పీరియడ్‌లోనే!

అయినా డ్రాయింగ్ మాస్టార్ల నుంచి వచ్చిన సంపద తక్కువేమీ కాదు. నకాషీ బాణీని తన బొమ్మల్లోకి తెచ్చి తెలంగాణ పల్లె బతుకుని చిత్రించిన కాపు రాజయ్య (1925-2012) సిద్దిపేటలో డ్రాయింగ్ టీచరుగా పనిచేసినవారే. ఉద్యోగం చేస్తూనే 1963లో అక్కడ లలిత కళా సమితిని పెట్టి చుట్టూ కళాకారుల్ని కూడగట్టారు. అంతకుముందు రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రకళాశాల పెట్టి, 1925లో మశూచి సోకి 28 ఏళ్లు నిండకుండానే పోయారు. ఆ బడినీ, ఆయన బొమ్మల్నీ కాపాడింది వరదా వెంకటరత్నం వంటి స్నేహితులే. రాజమండ్రిలోని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో ఆ బొమ్మల్ని ఇప్పటికీ చూడొచ్చు.

కాళహస్తి నుంచి తిరుగు రైల్లో అక్క ఈ సంగతే గుర్తుచేశారు. ‘‘ఆయన బొమ్మలు మిగిలింది స్నేహితుల వల్లే. నువ్వు ఉద్యోగం మానితే మేము ఊరుకుంటామా ఏంటి?’’ తమ్ముడు అందుకున్నాడు. ‘‘మానేస్తే వచ్చే మేలో నాకు ఆవకాయ ఎవరు పెడతారక్కా!’’ మూడు నవ్వులూ ఒకేసారి వినిపించాయి.

ఎరుపెలా వచ్చింది?

రోహిణీ కార్తె ఎండలకి రోళ్లు పగులుతున్న రోజుల్లో ఆమె పీరియడ్ల లెక్క వేసుకున్నారు. రెండింట్లో ఒకటి పోయింది. మిగిలింది ఒకటి. అది కూడా వదులుకోవాలా? పొద్దున పూట రెండు గంటలు వీధి పిల్లలకి సమ్మర్ క్లాసులు చెప్పి, ఓ ప్లే స్కూలు గోడకి బొమ్మలు వేసి, మే ఇంటి ఖర్చులో తన వంతు గట్టెక్కించారు. భర్త మళ్లీ మానెయ్యమనలేదు. పైగా డాబా మీద ఆరిన రంగు గిన్నెలన్నీ తనే కడిగిపెట్టారు.

జూన్ 12. బళ్లు తెరిచారు. మొదటి డ్రాయింగ్ పీరియడ్ అయిదో తరగతికే పడింది. ఆ బాబు వెనక బెంచీలో ఉన్నాడు. టీచర్ బోర్డు మీద బొమ్మ వేయలేదు. బల్ల మీద గిన్నెలో పసుపు నీళ్లు, చిన్న సీసాలో సున్నం తేట పెట్టి, తలా ఒక కాగితం ఇచ్చారు. పసుపుతో ఏదో ఒకటి వేయమన్నారు. అప్పుడు తానే బెంచీల మధ్య తిరుగుతూ, దూది చుట్టిన పుల్లతో ఒక్కొక్కరి కాగితం మీదా ఒక్క చుక్క సున్నం తేట పెట్టారు. క్లాసంతా ‘హా!’ అంది. ఎరుపెలా వచ్చింది, ఎరుపెలా వచ్చింది అంటూ ఒకటే గోల.

‘‘మీరే కనుక్కోండి’’ అని చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ రోజు ఆమె చేతిలో రబ్బరు లేదు.

కాసేపటికి వెనక బెంచీ దగ్గరికి వెళ్లారు. ఆ బాబు కాగితం మీద పసుపు మధ్యలో ఎర్రటి చుక్క, దాని చుట్టూ వంకరటింకర గీతలు. తల పైకెత్తకుండా గీస్తూనే ఉన్నాడు.

‘‘ఏం బొమ్మ నాన్నా అది?’’

‘‘ఇంకా అవలేదు టీచర్. ఉండండి, చెప్తాను.’’

గంట కొట్టేశారు. వాడు మాత్రం లేవలేదు.