టెలిస్కోపు అదిరితే చందమామ చెదురుతుంది

టెలిస్కోపుకు కెమెరా అమర్చి తీసిన ఆకాశ చిత్రాలు మసకగా వస్తే కటకాల నాణ్యతనో, ఫోకస్‌నో, గాలిలోని తేమనో తప్పుపట్టడం పరిపాటి అయినా, చాలాసార్లు అసలు కారణం కంటికి ఆనని అదురు. ఆకాశంలోని వస్తువును టెలిస్కోపు ఎంత పెద్దది చేసి చూపుతుందో తన కదలికనూ అంత పెద్దది చేసి చూపుతుంది. డిగ్రీలో 3,600వ వంతును ఆర్క్‌సెకను అంటారు. మీటరు పొడవున్న గొట్టం ఒక కొస 5 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో 200వ వంతు, పక్కకు జరిగితే చాలు, గురి ఒక ఆర్క్‌సెకను తప్పుతుంది. చంద్రుడి మీద అది దాదాపు 1.9 కిలోమీటర్ల దూరం.

ఈ అదురులో కొంత కెమెరాలోనే పుడుతుంది. డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో బటన్ నొక్కగానే సెన్సర్ ముందున్న అద్దం పైకి లేచి తట్టుకుంటుంది, ఆ వెంటనే షట్టర్ తెర కదులుతుంది. ఈ రెండు దెబ్బలకూ బటన్ నొక్కిన వేలి ఒత్తిడి తోడవుతుంది. వేలి సంగతి రిమోట్‌తోనో, 10 సెకన్ల సెల్ఫ్ టైమర్‌తోనో తీరిపోతుంది. అద్దాన్ని ముందుగానే పైకి లేపి ఉంచే మిర్రర్ లాకప్ సదుపాయం చాలా డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఉంటుంది. మిర్రర్‌లెస్ కెమెరాలలో అద్దమే లేదు కాబట్టి మిగిలేది షట్టర్ తెర ఒక్కటే. ఎక్స్‌పోజర్ ఆరంభాన్ని యాంత్రిక తెరకు బదులు సెన్సరే చేపట్టే ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ అమరికను ఎంచుకుంటే ఆ దెబ్బ కూడా తప్పుతుంది.

అయితే అన్ని చిత్రాలకూ ఈ జాగ్రత్తలన్నీ అవసరమనుకోవడం పొరపాటు. పౌర్ణమి చంద్రుడిని సెకనులో 250వ వంతు కాలంలో తీసేటప్పుడు అదురు బింబాన్ని పెద్దగా జరిపేలోపే ఎక్స్‌పోజర్ ముగిసిపోతుంది. నెబ్యులాను 5 నిమిషాలు తీసేటప్పుడు మొదటి ఒకటి రెండు సెకన్ల అదురు మొత్తం వెలుగులో లెక్కకు రానంత స్వల్పం. చిక్కంతా ఈ రెంటికీ నడుమ, ఇంచుమించు సెకనులో 60వ వంతు నుంచి రెండు మూడు సెకన్ల వరకు ఉన్న ఎక్స్‌పోజర్‌లలోనే ఉంది, ఎందుకంటే అక్కడ అదురుకు పట్టే కాలమూ చిత్రానికి పట్టే కాలమూ దాదాపు సమానం. అలాంటి చోట ఖర్చు లేని పాత ఉపాయం ఒకటి పనికివస్తుంది. టెలిస్కోపు మూతికి తగలకుండా ఒక నల్ల అట్టను అడ్డంగా పట్టుకుని, షట్టర్ తెరిచి, అదురు సద్దుమణిగాక అట్టను పక్కకు తీసి, కావలసినంత సేపు వెలుగు పడనిచ్చి మళ్లీ అడ్డుపెట్టిన తరువాతే షట్టర్ మూయాలి. సెకను, అంతకు మించిన ఎక్స్‌పోజర్‌లకు ఇది చక్కగా కుదురుతుంది. 1850లో హార్వర్డ్ అబ్జర్వేటరీలో అభిజిత్ నక్షత్రాన్ని తొలిసారి ఫొటో తీసిన కాలంలో కెమెరాలకు మూత తీసి పెట్టడమే షట్టర్ కాబట్టి, ఇది కొత్త కనిపెట్టుడేమీ కాదు.

కెమెరా కన్నా ఎక్కువ శ్రద్ధ కోరేది స్టాండ్, అది నిలబడిన నేల. స్టాండ్ బలాన్ని తేల్చడానికి పరికరాలేవీ అక్కరలేదు: ఒక నక్షత్రాన్ని కెమెరా తెర మీద 10 రెట్లు పెద్దది చేసి, గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టితే చుక్క గీతలా సాగి, వణికి, క్రమంగా మళ్లీ చుక్కగా కుదురుకుంటుంది. అందుకు రెండు సెకన్ల లోపు పడితే స్టాండ్ మంచిదే. అయిదు సెకన్లు దాటితే ట్రైపాడ్ కాళ్లను లోపలికి దించి ఎత్తు తగ్గించడం, మరలన్నీ బిగించడం, నడుమ బరువు వేలాడదీయడం, కాళ్ల కింద మందపాటి రబ్బరు దిమ్మలు పెట్టడం మేలు చేస్తాయి. కొత్త కెమెరాకు పెట్టే డబ్బును దిట్టమైన స్టాండ్‌కు పెట్టడం నూటికి తొంభై మందికి లాభసాటి. గాలికి ఊగే కేబుళ్లను గొట్టానికి కట్టేయాలి. కెమెరాలో స్టెబిలైజేషన్ ఉంటే ఆపేయాలి, ఎందుకంటే లేని కదలికను సవరించబోయి అదే కదలిక పుట్టించవచ్చు.

పెద్ద అబ్జర్వేటరీలలో టెలిస్కోపు నిలిచే కాంక్రీటు స్తంభాన్ని భవనం పునాదులతో కలపకుండా విడిగా భూమిలోంచి లేపుతారు; గచ్చు మీద అడుగుల చప్పుడు స్తంభానికి చేరకూడదన్నదే ఉద్దేశం. పట్టణాలలో ఎక్కువమందికి ఆకాశం దక్కేది మేడ మీదే, అయితే మేడ అంటే స్తంభాల మీద నిలిచిన పలక, దాని మీద ఎవరు నడిచినా అది కొద్దిగా వంగుతుంది. గోడ ఉన్న మూలకు, కింద స్తంభం ఉన్న చోటుకు దగ్గరగా స్టాండ్ పెడితే ఈ వంపు తగ్గుతుంది, ఆ గోడే గాలికి అడ్డు కూడా అవుతుంది.

2028 డిసెంబరు 31 రాత్రి భారతదేశంలో సంపూర్ణ చంద్రగ్రహణం కనిపించనుంది. ఎర్రబారిన గ్రహణ చంద్రుడు పౌర్ణమి చంద్రుడి కన్నా వేల రెట్లు మసక కావడంతో ఎక్స్‌పోజర్ సెకను దాకా, అంతకు మించి కూడా సాగుతుంది కనుక, ఆకాశంతో పాటు మెల్లగా తిరిగే మోటారు స్టాండ్ తప్పనిసరి, అదురు భయమూ అధికమే. ఆ రాత్రి కొత్త సంవత్సరపు సందడితో మేడలన్నీ దద్దరిల్లుతుంటాయి కాబట్టి, చిత్రం తీయదలచినవారు టెలిస్కోపును నేల మీదికి దించుకోవడం మంచిది.