అక్షరాలు మసకగా ఉన్నాయా? లోపం కంటిదా, కంప్యూటరుదా?



కొన్నేళ్ళ క్రితం నేను డ్యూటీలో ఉన్న ఒక వార్డులో జరిగిన సంగతి ఇది. రెండున్నర కిలోల పసిబిడ్డకు డాక్టరుగారు జెంటామైసిన్ 12.5 మి.గ్రా. అని కంప్యూటర్లో ఆర్డరు పెట్టారు. తెర మీద అక్షరాలు అలుక్కుపోయినట్లుండి, మధ్యలోని చుక్క సిస్టరుకు కనబడలేదు. 125 అని చదువుకుంది. మా దగ్గరున్నవి 80 మి.గ్రా. వయల్స్. ఆమె రెండో వయల్ తీస్తుండగా పక్కనున్న సిస్టరు, "ఇంత చిన్న బిడ్డకు రెండు వయల్సా? మళ్ళీ ఒకసారి చూడమ్మా" అన్నది. దేవుని కృపవల్ల ఇంజెక్షను ఇవ్వకముందే పొరపాటు తెలిసింది. ఈ మందు మోతాదు మించితే మూత్రపిండాలకు, వినికిడికి హాని కలుగుతుంది.

ఆ సిస్టరు కళ్ళు బాగానే ఉన్నాయి. కంప్యూటరు సెట్టింగే తప్పుగా ఉంది.

ముందు ఇలా తెలుసుకోండి

అచ్చు కాగితం ఒకటి తెర పక్కన, అంతే దూరంలో పట్టుకొని చదవండి. కాగితం స్పష్టంగా ఉండి తెర మాత్రమే మసకగా ఉంటే లోపం తెరది. రెండూ మసకగా ఉంటే కంటి పరీక్ష చేయించుకోవాలి.

తెరను సరిచేయడం

ఎల్.సి.డి. తెరలో చుక్కల సంఖ్య తయారీలోనే స్థిరపడి ఉంటుంది. ఉదాహరణకు చాలా మానిటర్లలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. అక్షరాలు పెద్దగా కనబడాలని ఎవరైనా ఈ సంఖ్యను తగ్గిస్తే, తెర నిండేలా బొమ్మను సాగదీయవలసి వస్తుంది. అప్పుడు అంచులు చెదిరిపోతాయి. దశాంశ చుక్కలు, తెలుగు వత్తులు కలిసిపోతాయి.

విండోస్ కంప్యూటర్లో ఇలా చేయండి:

1. ఖాళీ తెర మీద మౌస్ కుడి బటన్ నొక్కి, డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరవండి.
2. డిస్‌ప్లే రిజల్యూషన్‌లో "రికమెండెడ్" అని ఉన్నదాన్ని ఎంచుకోండి.
3. అక్షరాలు చిన్నవనిపిస్తే రిజల్యూషన్ తగ్గించకండి. అక్కడే ఉన్న స్కేల్‌ను 125 లేక 150 శాతానికి పెంచండి.
4. స్టార్ట్ మెనూలో క్లియర్‌టైప్ అని వెతికి తెరవండి. అది చూపే నమూనాల్లో మీకు స్పష్టంగా ఉన్నవి ఎంచుకోండి.
5. నీలిరంగు వి.జి.ఎ. కేబులు ఉంటే రెండు కొనలూ గట్టిగా బిగించి, మానిటరు మీది ఆటో బటన్ నొక్కండి. వీలైతే హెచ్.డి.ఎం.ఐ. కేబులు వాడండి.
6. తెరను మెత్తని పొడిగుడ్డతో తుడవండి. స్పిరిట్ వాడవద్దు.

లోపం కంటిదైతే

నలభై దాటినవారికి దగ్గరి చూపు తగ్గడం సహజం. చదువుకొనే అద్దాలు ఒక్కోసారి తెర దూరానికి సరిపోవు. ఆ దూరం కొలుచుకొని వెళ్ళి కంటి డాక్టరుకు చెప్పండి. తెర చూసేటప్పుడు రెప్ప తక్కువగా ఆర్పుతాము గనుక కళ్ళు పొడిబారి మసకేస్తాయి. 20 నిమిషాలకొకసారి దూరంగా చూస్తూ రెప్పలు ఆర్పండి. షుగరు హెచ్చుతగ్గులైనా చూపు మసకబారవచ్చు. హఠాత్తుగా చూపు తగ్గితే మాత్రం ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి.

సిస్టర్లకు ఒక మాట

తెర ఎంత బాగున్నా ఈ జాగ్రత్తలు మానవద్దు. 5 అని రాయవలసినచోట 5.0 అని రాయకండి, అది 50గా కనబడవచ్చు. అర మిల్లీగ్రామును .5 అనక 0.5 అని రాయండి. ఇన్సులిన్‌కు "యూనిట్లు" అని పూర్తిగా రాయండి. అంకె మసకగా ఉంటే ఊహించవద్దు, అడగండి. అడగడం నామోషీ కాదు. ఆరోజు ఆ బిడ్డను కాపాడింది పక్కనున్న సిస్టరు అడిగిన ఆ ఒక్క ప్రశ్నే.

ప్రభువు మీ అందరికీ మంచి చూపును, ఆరోగ్యమును దయచేయును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్