రాయి మీద రంగుల కాపురం

అగ్నిపర్వతం కక్కిన లావా గడ్డకడితే నల్లరాయి. దానికి గాజు రంగు పూసి మళ్లీ నిప్పుల్లో కాలిస్తే... ఎండకు వెలవని, వానకు కరగని బొమ్మ! ఆ విద్యను నమ్ముకున్న ఓ చిత్రకారుడికి వానతో కాదు, మనుషులతోనే చిక్కొచ్చింది.

ఫ్రాన్స్‌లోని ఓవెర్న్ ప్రాంతంలో వోల్విక్ అనే ఊరుంది. అక్కడి లావా రాయికి రంగులద్దే పద్ధతి 1820ల చివర్లో పుట్టింది. పారిస్‌లో రంగులు తయారుచేసే మోర్తలెక్ దానికి ఆద్యుడు. మన నగల మీద మీనాకారీ ఉంటుంది చూడండి, దానికి ఇది పెద్దన్న లాంటిది.

ఆ రోజుల్లోనే హిటోర్ఫ్ అనే వాస్తుశిల్పి, ప్రాచీన గ్రీకు గుళ్లకు రంగులుండేవని గట్టిగా వాదించేవాడు. పారిస్‌లో తాను కట్టిన సెయింట్ విన్సెంట్ డి పాల్ చర్చి ముందు గోడకీ రంగుల బొమ్మలు కావాలన్నాడు. ఆరుబయట తైలవర్ణాలు ఎన్నాళ్లుంటాయి? అందుకే లావా పలకలు ఎంచుకున్నారు. ఆ పని జూల్ జొలివేకి దక్కింది. అప్పటిదాకా ఆయన కాన్వాసు మీద చరిత్ర ఘట్టాలు గీసిన చిత్రకారుడు.

కొత్త పని అంత తేలిక కాదు. రాయిని పలకలుగా కోసి, నునుపు చేసి, రంధ్రాలు పూడ్చాలి. గాజు పొడిలో లోహపు ఆక్సైడ్లు కలిపి పూయాలి. కోబాల్ట్ అయితే నీలం, రాగి అయితే ఆకుపచ్చ. పూసినప్పటి రంగు వేరు, కాలాక తేలే రంగు వేరు. బట్టీలో వేడి 900 డిగ్రీలు దాటుతుంది. తొందరపడి చల్లార్చారో, పలక పగిలినట్టే!

జొలివే తొలి పలక 1846లో గోడెక్కింది. 1860 నాటికి మిగతావీ వచ్చాయి. వాటిలో ఆదాము, అవ్వ నగ్నంగా కనిపించేసరికి అభ్యంతరాలు రేగాయి. 1861లో అన్నిటినీ దించేశారు.  పారిస్‌లోని ఆయన ఇంటి ముఖద్వారం వైపు గోడకూ లావా పలకలున్నాయి. 1871లో కన్నుమూసే నాటికీ చర్చి గోడ బోసిగానే ఉంది.

2011లో ఆ పలకలు తిరిగి తమ చోటికి చేరాయి. సరిగ్గా నూట యాభై ఏళ్ల తర్వాత!

ఓవెర్న్ కళాకారులు నేటికీ ఈ రాతిపై రంగులద్దుతూనే ఉన్నారు. వంటింటి గట్లు, బల్లలు, కొండల మీద దిక్కులు చూపే పలకలు... ఏది చేసినా, బట్టీ తలుపు తీసేదాకా గుండె దడ మాత్రం మామూలే.