బీపీ పెరిగితే రక్తనాళం మాట మారుస్తుంది

గంజాయి మొహం కూడా చూడని మనిషి ఒంట్లోనూ గంజాయి తరహా రసాయనాలు తయారవుతుంటాయని మీకు తెలుసా? వాటిలో మొదట దొరికింది ఆనందమైడ్. 1992లో జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో రఫేల్ మెషూలం బృందం దాన్ని పంది మెదడు నుంచి వేరుచేసింది. గంజాయిలోని మత్తు పదార్థం టీహెచ్‌సీ వెళ్లి అతుక్కునే సీబీ1 గ్రాహకానికే ఇదీ అతుక్కుంటుంది. ఆ గ్రాహకాలు మెదడులోనే కాదు, గుండెలోనూ రక్తనాళాల లోపలి పొరలోనూ ఉన్నాయి.

మరి వాటికి అక్కడేం పని? బీపీ మామూలుగా ఉన్నంతకాలం దాదాపు ఏమీ లేదు!

జపాన్‌లోని క్యోటోలో ఒకామోటో, అవోకి అనే శాస్త్రవేత్తలు 1963లో ఒక ఎలుకల జాతిని లోకానికి పరిచయం చేశారు. ఉప్పు దట్టించక్కర్లేదు, మందు ఎక్కించక్కర్లేదు, వయసొచ్చేసరికి వాటి బీపీ దానంతటదే పెరిగిపోతుంది. 2004లో అమెరికా పరిశోధకులు ఈ ఎలుకల్లో సీబీ1 గ్రాహకాన్ని మందుతో అడ్డుకున్నారు. అసలే ఎక్కువగా ఉన్న బీపీ ఇంకా పెరిగింది. తర్వాత తిరగేసి చూశారు. ఆనందమైడ్‌ను ముక్కలు చేసే ఎంజైమును ఆపి, అది ఒంట్లో ఎక్కువసేపు నిలిచేలా చేశారు. ఈసారి బీపీ, గుండె కొట్టుకునే బలం మామూలు ఎలుకల స్థాయికి దిగొచ్చాయి. ఉప్పు తిని బీపీ తెచ్చుకునే మరో జాతి ఎలుకల్లోనూ ఇదే తీరు కనిపించింది. ఆరోగ్యంగా ఉన్న ఎలుకలు మాత్రం ఈ మందులను పట్టించుకున్న పాపాన పోలేదు. కారణం వెతికితే, క్యోటో జాతి ఎలుకల గుండెలోనూ బృహద్ధమని లోపొరలోనూ సీబీ1 గ్రాహకాల సంఖ్యే పెరిగి ఉంది. ఆరోగ్యమైన ఎలుకలను మాత్రమే చూసి ఊరుకుని ఉంటే, ఈ రసాయనాలకూ బీపీకీ సంబంధమే లేదని తేల్చేసేవాళ్లేమో.

ఇందులో మిరపకాయ పాత్ర కూడా ఉంది. పచ్చిమిర్చి కొరికినప్పుడు నోరు మండించే గ్రాహకం పేరు టీఆర్‌పీవీ1. దాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. రక్తనాళాల చుట్టూ అల్లుకున్న నరాల కొసల్లోనూ అది ఉంది. ఆనందమైడ్ దాన్ని తట్టిలేపితే నరం ఒక రసాయనాన్ని వదులుతుంది, దాంతో నాళం సడలుతుంది. నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ ఒంట్లో తయారవకుండా వారాల తరబడి అడ్డుకుని బీపీ తెప్పించిన ఎలుకల మీద అర్జెంటీనా శాస్త్రవేత్తలు 2001లో పరీక్షలు చేశారు. పేగులకు రక్తం అందించే నాళాలు ఆనందమైడ్‌కు మామూలు కంటే ఎక్కువగా స్పందించాయి. అన్ని నాళాలదీ ఒకే తీరు అనుకోకండి. ఏ నాళం, ఏ రకం బీపీ అన్నదాన్ని బట్టి స్పందన మారుతుంది.

అయితే గంజాయి తాగితే బీపీ తగ్గుతుందన్నమాట అని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే నమ్మకండి. పొగ పీల్చిన కాసేపటికే గుండె వేగం పెరుగుతుంది, లేచి నిలబడితే బీపీ ఒక్కసారిగా పడి కళ్లు తిరగొచ్చు. గుండెపోటు వచ్చినవారితో మాట్లాడి 2001లో అమెరికాలో వెలువరించిన అధ్యయనం ప్రకారం, గంజాయి తాగిన మొదటి గంటలో గుండెపోటు ముప్పు 4.8 రెట్లు.

ఆనందమైడ్‌ను ముక్కలు చేసే ఎంజైమును ఆపే మందులను మనుషుల మీద కూడా పరీక్షించారు, బీపీ కోసం కాకపోయినా. వాటిలో ఒకదాన్ని 2016 జనవరిలో ఫ్రాన్స్‌లోని రెన్ నగరంలో ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు ఇస్తే ఒకరు చనిపోయారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. ఆ మందు అసలు ఎంజైముతో ఆగక మరికొన్నింటినీ అడ్డుకుందని మరుసటి ఏడాది పరిశోధకులు చూపించారు. ఎలుకల్లో బీపీ దించిన ఈ దారిలో మందుల షాపుదాకా వచ్చిన బీపీ మాత్ర ఇంకా ఒక్కటీ లేదు.