ఈ-స్కూటర్ కొంటున్నారా? టాప్ స్పీడ్ ఒక్కటే చూడకండి

ఈ-స్కూటర్ స్పెక్ షీట్ తెరవగానే మన కళ్లు టాప్ స్పీడ్, రేంజ్ మీదకే వెళ్తాయి. జనం నడిచే దారిలో ఆ స్పీడ్ ఎంత సేఫ్ అన్నది మాత్రం అందులో ఉండదు.

సింగపూర్ ఈ లెక్క గట్టిగానే తేల్చింది. నిలబడి నడిపే ఈ-స్కూటర్ల బరువు 20 కేజీలు, వేగం గంటకు 25 కి.మీ. దాటకూడదని రూల్ పెట్టింది. ఫుట్‌పాత్‌పై లిమిట్‌ను 2019 ఫిబ్రవరిలో 15 నుంచి 10 కి.మీ.కి తగ్గించింది. అదీ చాలక, అదే ఏడాది నవంబర్ 5 నుంచి ఫుట్‌పాత్‌లపై పూర్తిగా బ్యాన్ చేసింది. సైకిల్ పాత్‌లపై మాత్రం నడుపుకోవచ్చు.

ఎందుకంత స్ట్రిక్ట్? ఫిజిక్స్ సింపుల్. గంటకు 10 కి.మీ. వేగంలో సెకనుకు మూడు మీటర్లు కూడా వెళ్లం. అదే 25లో దాదాపు ఏడు మీటర్లు. వేగం రెండున్నర రెట్లే, కానీ గుద్దుకుంటే తగిలే శక్తి ఆరు రెట్ల పైనే. బ్రేక్ నొక్కేలోపే ముందు నడుస్తున్న పెద్దాయన దగ్గరికి చేరిపోతాం.

మన దేశంలోనూ 250 వాట్లు, 25 కి.మీ. లోపు ఉండే తేలికపాటి ఈవీలకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. స్పీడ్ లిమిట్ అన్‌లాక్ చేశారంటే ఆ మినహాయింపు పోతుంది. బ్రేకులు మాత్రం పాతవే.